ఇరవై ఏళ్ళు మా ఆరోగ్యం చూస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది కావలి దగ్గర ఒక పల్లె. మావారు రొయ్యల గుంటలు చూసుకుంటారు. పోయిన నెల మా ఊరికి ఒక పరిశోధనా సంస్థ వాళ్ళు వచ్చారు. ముప్పై ఏళ్ళు దాటిన వాళ్ళందరికీ ఎత్తు, బరువు, నడుము కొలత, బీపీ, షుగర్ చూసి, రక్తం తీసుకుని దాచిపెడతారంట. రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ వచ్చి చూస్తారంట. ఇట్లా ఇరవై ఏళ్ళు. జన్యువులు కూడా పరీక్ష చేస్తామన్నారు. మందులివ్వరు, డబ్బులివ్వరు. మా ఆశా వర్కర్ మంచిదేనంటోంది. మా అత్తగారు మాత్రం "రోగం లేనోళ్ళ రక్తం ఎందుకబ్బా వాళ్ళకి? మనమేమన్నా ఎలకలమా?" అని కేకలేసి పంపేసింది. మా మామగారు షుగర్ ఉండి 56 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. మావారికి ఇప్పుడు 44. పరీక్ష చేయించుకోమంటే వినరు. చెన్నైలో చదువుకునే మా అబ్బాయి, ఉమ్మి పంపిస్తే డీఎన్‌ఏ చూసి ఏ రోగాలు వస్తాయో చెప్పే కంపెనీలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, నాన్నకి అది చేయిద్దాం అంటాడు. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. మా జన్యువుల్లో ఏదో ఉందని బయటికి పొక్కితే దాని పెళ్ళికి అడ్డమవుతుందేమోనని నాకు టెన్షన్. ఒప్పుకోవచ్చా? మాకేంటి లాభం?
ఒక సోదరి, నెల్లూరు జిల్లా

సమాధానం:

అమ్మా,

ముందు లాభం సంగతి చెప్పేస్తాను. ఈ ఏడాది మీకు దక్కేది చిన్నదే. బీపీ, షుగర్ చూస్తారు, ఫలితం చెప్తారు. అసలు ఫలం మీ మనవల కాలానికి గానీ చేతికి రాదు. అది తెలిసే ఒప్పుకోవాలి. నన్నడిగితే ఒప్పుకోమనే అంటాను. అయితే కింద రాసిన సంగతులు వాళ్ళని అడిగి, రాసిన కాగితం చేతికి వచ్చాకే సంతకం పెట్టండి. ఆన్‌లైన్ డీఎన్‌ఏ పరీక్ష మాత్రం ఇప్పుడు వద్దు.

మీ అత్తగారు అడిగింది చాలా మంచి ప్రశ్న. రోగం లేనివాళ్ళ రక్తం ఎందుకు? ఈ రకం పరిశోధనకి కావాల్సిందే అది. మీ మామగారి సంగతే చూడండి. ఆయన పోయాక ఎవరైనా వచ్చి, ముప్పై ఐదేళ్ళప్పుడు ఆయన బీపీ ఎంత, నడుము ఎంత, రోజూ ఏం తినేవారు, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయేవారు అని అడిగితే మీ ఇంట్లో ఎవరూ చెప్పలేరు. రోగం వచ్చాక వెనక్కి తిరిగి చూస్తే గుర్తున్నవి నాలుగు ముక్కలే. పోయినవాళ్ళు ఎటూ చెప్పలేరు.

ఇంకో చిక్కుంది. మీ ఊళ్ళో ఒక్క రోజు అందరినీ నిలబెట్టి, స్వీట్లు తినేవాళ్ళెవరు, షుగర్ ఉన్నవాళ్ళెవరు అని లెక్క తీశారనుకోండి. షుగర్ ఉన్నవాళ్ళంతా మానేశామనే చెప్తారు. ఆ లెక్కని పట్టుకుంటే స్వీట్లు మానినందువల్లే షుగర్ వస్తుందని తేలుతుంది! ఏది ముందు, ఏది తర్వాత అని తెలియాలంటే రోగం రాకముందే మొదలుపెట్టి ఏళ్ళ తరబడి వెంట ఉండాలి. ఇంకో దారి లేదు.

అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్న పట్టణంలో 1948లో 5,209 మంది ఇట్లాగే ఒప్పుకున్నారు. రెండేళ్ళకోసారి వచ్చి పరీక్షలు చేయించుకుని పోయేవాళ్ళు. వయసుతో పాటు బీపీ పెరగడం మామూలే, దానికి మందెందుకు అని చాలామంది డాక్టర్లే అనుకునే కాలం అది. బీపీ, కొలెస్ట్రాల్, పొగ తాగడం, ఈ మూడూ గుండెజబ్బుకి దారి తీస్తాయని గట్టిగా తేలింది అక్కడి జనం దయ వల్ల. 1971లో వాళ్ళ పిల్లలు, 2002లో మనవలు చేరారు. ఇవాళ మన పీహెచ్‌సీలో నర్సమ్మ చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, ఉప్పు తగ్గించమ్మా అంటోందంటే, దాని వెనక ఆ ఊరి వాళ్ళు ఒప్పుకుని ఇచ్చిన చేతులున్నాయి. వాళ్ళలో మొదటి తరంవాళ్ళకి దాని వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు.

పొగాకు సంగతి కూడా అంతే. కందుకూరు, పొదిలి, టంగుటూరు ప్రాంతాల్లో పొగాకు మీద బతికిన కుటుంబాలెన్నో మనకు తెలుసు, కాబట్టి ఇది చెప్పాల్సిందే. ఇంగ్లండులో 1951లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు డాక్టర్లకే ఉత్తరాలు రాసి, మీరు సిగరెట్ తాగుతారా లేదా అని అడిగారు. 34 వేల మందికి పైగా మగ డాక్టర్లని 50 ఏళ్ళు గమనించారు. సిగరెట్ మానని వాళ్ళు సగటున పదేళ్ళు ముందు చనిపోయారు. ముప్పై ఏళ్ళకి మానినవాళ్ళకి ఆ పదేళ్ళూ దాదాపుగా తిరిగొచ్చాయి. యాభైకి మానినవాళ్ళకి ఆరేళ్ళు, అరవైకి మానినవాళ్ళకి మూడేళ్ళు. "ఇప్పుడు మానితే ఏమొస్తుందిలే" అనే పెద్దాయనకి ఈ మూడేళ్ళ లెక్క చూపించగలుగుతున్నామంటే, యాభై ఏళ్ళు ఓపిక పట్టిన వాళ్ళున్నారు కాబట్టే.

"వాళ్ళు చేశారుగా, మళ్ళీ మన దగ్గరెందుకు?" అని మీకు అనిపించవచ్చు. ఇక్కడే నాకు చెప్పాల్సింది ఎక్కువుంది.

మన ఒళ్ళు వాళ్ళ ఒళ్ళులా లేదు. పుణె దగ్గర ఆరు ఊళ్ళలో 1993లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం గర్భిణులతో ఒక పరిశోధన మొదలుపెట్టింది. అక్కడ పుట్టిన పిల్లలు ఇంగ్లండు పిల్లల కంటే చాలా తక్కువ బరువుతో పుట్టారు. కండ తక్కువే, కానీ చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూడటానికి బక్కగా ఉంటారు, లోపల కొవ్వు ఉంటుంది. ఆ పిల్లలని పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. సన్నగా ఉన్న మనవాళ్ళకి కూడా షుగర్ ఎందుకొస్తోందో అర్థం కావడానికి ఇలాంటివే దారి చూపించాయి. పాశ్చాత్య దేశాల్లో బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 25 దాటితే అధిక బరువు అంటారు. మన దేశంలో నిపుణులు ఆ గీతని 23కి దించారు. నడుము కొలత మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదన్నారు. విదేశీ లెక్కనే పట్టుకుని ఉంటే "నువ్వు బాగానే ఉన్నావయ్యా" అని మీవారిని పంపించేసేవాళ్ళు.

తెలుగువాళ్ళ ఊళ్ళలో కూడా ఒకటి జరిగింది, చాలామందికి తెలియదు. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆ నగరం దగ్గరి 29 పల్లెల్లో లెక్కలు తీసింది. పదిహేను ఊళ్ళలో అప్పటికే గర్భిణులకి, చిన్నపిల్లలకి అంగన్‌వాడీ ఆహారం అందుతోంది. మిగతా పద్నాలుగు ఊళ్ళకి ఆ పథకం ఇంకా రాలేదు. పుట్టినప్పుడు పిల్లల బరువు చూసి అక్కడితో వదిలేసి ఉంటే ఆ కాగితాలు ఏ బీరువాలోనో చెదలు పట్టేవి. కానీ 2003 నుంచి 2005 మధ్య వెనక్కి వెళ్ళారు. అప్పటికి ఆ పిల్లలకి 13 నుంచి 18 ఏళ్ళు. అంగన్‌వాడీ ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు మిగతా ఊళ్ళ పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. అంతకంటే పెద్ద సంగతి, వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది. కడుపులో ఉన్నప్పుడు, బుడిబుడి అడుగుల వయసులో తిన్న తిండి పదిహేనేళ్ళ తర్వాత రక్తనాళాల్లో కనిపించిందన్నమాట. తర్వాత వాళ్ళ అమ్మానాన్నలనీ, తోబుట్టువులనీ కూడా చేర్చుకుని ఆ పరిశోధన పెద్దదైంది. దాన్ని ఏపీక్యాప్స్ అంటారు. ఆ తల్లులు అప్పుడు "మాకేంటి లాభం" అనుకుని తలుపేసుకుని ఉంటే, అంగన్‌వాడీ ఆహారానికి అంత బలముందని మన దగ్గర రుజువు ఉండేది కాదు. ఈ పరిశోధన గురించి ఎప్పుడు చదివినా నాకు వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇక జన్యువుల సంగతి. ప్రెసిషన్ మెడిసిన్ అని పేపర్లలో చూస్తుంటారు. ఒకే జబ్బుకి అందరికీ ఒకే మందు, ఒకే మోతాదు అనకుండా, ఎవరి ఒంటికి ఏది సరిపోతుందో ముందే తెలుసుకుని వైద్యం చేయడం. ఇది మాటలకే పరిమితం కాదు. గుండెకి స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ అనే మాత్ర ఇస్తారు. అది మింగగానే పనిచేసే రకం కాదు, కాలేయంలో ఒక ఎంజైమ్ దాన్ని మార్చాకే పనిచేస్తుంది. ఆ ఎంజైమ్ తయారుచేసే జన్యువులో తేడా ఉన్నవాళ్ళకి మాత్ర సరిగా పనిచేయదు. ఆ తేడా మన దక్షిణాసియా వాళ్ళలో ఐరోపా వాళ్ళ కంటే ఎక్కువగా ఉంటుంది.

ఇంకా దగ్గరి సంగతి చెప్తాను. ఆపరేషన్‌కి ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక ఇంజెక్షన్ ఉంది, సక్సినైల్‌కోలిన్. మామూలుగా దాని ప్రభావం కొన్ని నిమిషాల్లో పోతుంది. మన వైశ్య కుటుంబాల్లో కొందరికి దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ పుట్టుకతోనే ఉండదు. వాళ్ళకి ఊపిరి వెంటనే తిరిగి రాదు, గంటల తరబడి వెంటిలేటర్ మీద ఉంచాల్సి రావచ్చు. తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకునే సమూహాల్లో ఇలాంటివి పోగుపడతాయని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, ఆయన సహచరులు చూపించారు. మన దేశంలో దాదాపు ప్రతి కులానికీ ఇలాంటిది ఏదో ఒకటి ఉండే అవకాశముంది, కాబట్టి ఇందులో ఎవరికీ తలవంపు లేదు. మత్తు డాక్టర్‌కి ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, అంతటితో ప్రమాదం తప్పిపోతుంది. తెలియకపోతేనే ప్రాణం మీదికి వస్తుంది.

జన్యువుల మీద ఇప్పటిదాకా ప్రపంచంలో జరిగిన పెద్ద పరిశోధనల్లో పాల్గొన్నవాళ్ళలో అత్యధికులు ఐరోపా మూలాల వాళ్ళు. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ 2006 నుంచి 2010 మధ్య 5 లక్షల మందిని చేర్చుకుంది. అప్పట్లో దాచిన రక్తాన్ని ఇప్పుడు కొత్త పద్ధతుల్లో పరీక్షిస్తున్నారు. మతిమరుపు జబ్బు బయటపడటానికి పదేళ్ళకి పైగా ముందే రక్తంలో కొన్ని ప్రొటీన్లు మారతాయని, 50 వేల మందికి పైగా ఇచ్చిన ఆ పాత రక్తంలోంచే 2024లో చూపించారు. రక్తం తీసిన రోజు ఆ పరీక్ష లేనే లేదు. "దాచిపెట్టడం ఎందుకు" అని మీకు అనుమానం వస్తే ఇదే జవాబు. మన దేశంలో జీనోమ్ ఇండియా కింద సుమారు పదివేల మంది జన్యుక్రమాన్ని చదివి 2025 జనవరిలో పరిశోధకులకి అందుబాటులో పెట్టారు. మంచి మొదలే. కానీ జన్యువులు ఒక్కసారి చదివినంత మాత్రాన కథ తెలియదు. ఆ మనిషి ఏం తిన్నాడు, ఏ నీళ్ళు తాగాడు, ఏ జబ్బు ఎప్పుడొచ్చింది అన్నది జతపడాలి. అందుకే మీ ఇంటికి మళ్ళీ మళ్ళీ వస్తామంటున్నారు.

పైగా మన వైపు మనకే ఉన్న ప్రశ్నలున్నాయి. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎముకలని ఎలా వంచేస్తుందో మన దేశంలో మొదట వైద్య పత్రికకి ఎక్కింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే, 1937లో. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఆ బాధ ఇవాళ్టికీ తెలియని ఇల్లుండదు. ఒకే బోరు నీళ్ళు తాగిన ఇద్దరన్నదమ్ముల్లో ఒకరి నడుము వంగిపోయి, ఇంకొకరు బాగానే ఉన్నారంటే తేడా తిండిలోనా, చేసే పనిలోనా, జన్యువుల్లోనా? సైదాపురం, గూడూరు వైపు అభ్రకం గనుల్లో దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులకి తర్వాత ఏమైంది? మీవారిలా గుంటల గట్టు మీద రాత్రిళ్ళు కాపలా కాసి, ఏరేటర్ల మోతలో నిద్ర చెడగొట్టుకునేవాళ్ళ గుండె పదిహేనేళ్ళకి ఎలా ఉంటుంది? వీటికి బోస్టన్‌లోనో లండన్‌లోనో జవాబు దొరకదు.

ఇప్పుడు ఏం అడగాలో చెప్తాను. ఇది మందు ఇచ్చి చూసే ప్రయోగం కాదు, ఉన్నదాన్ని గమనించేది. కాబట్టి మీ అత్తగారి ఎలకల భయం దీనికి వర్తించదు. కానీ ఆ భయం గాల్లోంచి పుట్టింది కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకి వేసిన టీకా వ్యవహారంలో, తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని తేలి పెద్ద గొడవైంది. పేదవాళ్ళ ఒప్పుదలని తేలిగ్గా తీసుకునే అలవాటు మన దగ్గర ఉండేది. అందుకే గట్టిగా అడగండి. వివరాల కాగితం తెలుగులో ఉండాలి, ఒక ప్రతి మీ దగ్గరే ఉండాలి. దాని మీద ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధన న్యాయంగా జరుగుతోందో లేదో చూసే కమిటీ, ఫోన్ నంబర్ ఉందో లేదో చూడండి, ఆ నంబర్‌కి మీ అబ్బాయితో ఒకసారి ఫోన్ చేయించండి. రక్తం ఎక్కడ దాస్తారు, ఎన్నేళ్ళు, దేశం దాటి పోతుందా, మందుల కంపెనీలకి ఇస్తారా అని అడగండి. పరీక్షలో ప్రమాదకరమైనది కనబడితే మీకు చెప్తారా, ఏ ఆసుపత్రికి పంపిస్తారు అన్నది తప్పక అడగండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. షుగర్ 300 ఉందని రాసుకుని, ఇంటివాళ్ళకి చెప్పకుండా పోయే పరిశోధనలో చేరాల్సిన పని లేదు. మధ్యలో మానేస్తే అప్పటిదాకా ఇచ్చిన రక్తం ఏం చేస్తారో కూడా తెలుసుకోండి. ఎప్పుడు మానేసినా కారణం చెప్పనక్కర్లేదు, దాని వల్ల మీకు ఏ వైద్యమూ ఆగకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నియమాలు ఈ హక్కుని ఇచ్చాయి. ఎవరైనా నీళ్ళు నమిలితే సంతకం పెట్టొద్దు.

అమ్మాయి సంగతి. మంచి పరిశోధనల్లో రక్తం గొట్టం మీద పేరుండదు, ఒక నంబర్ ఉంటుంది. పేరుకీ నంబర్‌కీ లంకె ఉన్న పుస్తకం కొద్దిమంది చేతుల్లోనే తాళం వేసి ఉంటుంది. అలాగే చేస్తారా అని అడగండి. జన్యువుల ఫలితం మీకు చెప్పాలా వద్దా అన్నది మీరే ఎంచుకోవచ్చు. మీవారి జన్యువుల్లో సగం మీ అమ్మాయిలో ఉంటాయి కాబట్టి, ఆయన ఒప్పుకునే ముందు ఆ అమ్మాయితో ఒక మాట చెప్పడం న్యాయం. ఇన్సూరెన్స్ గురించి కూడా తెలిసి ఉండాలి. జన్యువులని బట్టి వివక్ష చూపకూడదనే ప్రత్యేక చట్టం మన దేశంలో ఇంకా లేదు. జన్యు కారణాలు చూపించి ఆరోగ్య బీమాని గుండుగుత్తగా నిరాకరించడం వివక్షేనని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది, అంతవరకు నయం. ఇక ఊరి నోటి మాటంటారా, అది పరిశోధన వాళ్ళ దగ్గర్నుంచి కంటే మన ఇంటి గడప దగ్గర్నుంచే ఎక్కువ పొక్కుతుంది. మీ ఇంట్లో వాళ్ళే బయట చెప్పకుండా ఉంటే చాలావరకు సరిపోతుంది.

ఆన్‌లైన్ డీఎన్‌ఏ పరీక్ష ఎందుకు వద్దంటున్నానంటే, షుగర్, గుండెజబ్బు లాంటివి ఒక్క జన్యువు వల్ల రావు. వందల చోట్ల చిన్న చిన్న తేడాలు, వాటి మీద తిండి, నిద్ర, పని కలిసి వస్తాయి. ఆ తేడాలన్నీ కూడి మార్కులు వేసే లెక్కలు ఎక్కువగా ఐరోపా వాళ్ళ మీద తయారైనవి, మనవాళ్ళ విషయంలో అవి అంత గురిగా ఉండవు. ఒక ఉదాహరణ చెప్తాను. గుండె కండరాన్ని బలహీనం చేయగల ఒక జన్యుమార్పు దక్షిణాసియా వాళ్ళలో సుమారు నూటికి నలుగురికి ఉంటుందని 2009లో తేలింది. ఆ నలుగురిలో ఎవరికి ఎప్పుడు జబ్బొస్తుందో మాత్రం ఉమ్మి చూసి చెప్పలేరు. రిపోర్టులో ఎర్ర గీత చూసి మీకు నిద్ర పట్టదు. పచ్చ గీత వస్తే మీవారు "చూశావా, నాకేం లేదు" అని ఇంకో ఐదేళ్ళు పరీక్ష ఎగ్గొడతారు. నాకు ఈ రెండోదే ఎక్కువ భయం.

మీ అత్తగారిని బలవంతం చేయకండి. టీమ్ వాళ్ళు ఈసారి వచ్చినప్పుడు ఆమెని కూర్చోబెట్టి, తెలుగు కాగితం మొత్తం చదివి వినిపించమనండి, ఆమె అడిగినవాటికి వాళ్ళనే జవాబు చెప్పమనండి. అప్పటికీ వద్దంటే వద్దు. ఆమె ఒంటి మీద నిర్ణయం ఆమెది, కొడుకుదీ కోడలిదీ కాదు. మీరిద్దరూ చేరాలనుకుంటే మాత్రం ఒకసారి ఇచ్చి మానేయకండి. ఈ పరిశోధనలకి పెద్ద దెబ్బ మధ్యలో జారిపోయేవాళ్ళ వల్లే. వలస పోయినవాళ్ళూ జబ్బుపడినవాళ్ళే ఎక్కువగా జారిపోతే మిగిలిన లెక్క అబద్ధం చెప్తుంది. ఫోన్ నంబర్ మారితే ఆశా వర్కర్‌కి చెప్పండి, చాలు.

మీవారి కోసం మాత్రం ఏ టీమ్ కోసమూ ఆగొద్దు. చెన్నైలో షుగర్ నిపుణుడు డాక్టర్ మోహన్ బృందం తమ పరిశోధనలోంచి, మన ఒళ్ళకి సరిపోయేలా ఒక చిన్న లెక్క తయారుచేసింది. ఇంట్లో దర్జీ టేపు ఉంటే చాలు. 35 నుంచి 49 ఏళ్ళ వయసుకి 20 మార్కులు. మగవాళ్ళ నడుము 90 నుంచి 99 సెంటీమీటర్ల మధ్య ఉంటే 10, వంద అయినా, దాటినా 20. తల్లిదండ్రుల్లో ఒకరికి షుగర్ ఉంటే 10. వ్యాయామం లేదు, ఒంటికి శ్రమ ఇచ్చే పనీ లేదంటే 30, రెండిట్లో ఒకటుంటే 20. మొత్తం 60 అయినా, దాటినా షుగర్ ముప్పు ఎక్కువని అర్థం. మీవారి నడుము 94 అనుకుని, గట్టు మీదికి కూడా బండి మీదే పోతారనుకుంటే ఇప్పటికే 70. రోజూ గట్టున నడక మొదలుపెట్టి, నడుము 90 లోపుకి తెచ్చుకుంటే అదే మనిషికి 50. వయసునీ, నాన్నగారి నుంచి వచ్చిన పదినీ ఎవరూ మార్చలేరు, మిగతావి ఆయన చేతిలోనే ఉన్నాయి.

ఈ లెక్క మీ అబ్బాయి చేత ఆయన ముందే వేయించండి. కొడుకు టేపు పట్టుకుంటే వినొచ్చు. ఆ మర్నాడు పొద్దున్నే ఏమీ తినకుండా పీహెచ్‌సీకో, ఊళ్ళో హెల్త్ క్లినిక్‌కో తీసుకుపోండి, 30 దాటిన వాళ్ళకి బీపీ, షుగర్ అక్కడ ఉచితంగానే చూస్తారు. తినకముందు షుగర్ 100 లోపుంటే ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. 100 నుంచి 125 మధ్య ఉంటే అది షుగర్ గుమ్మం దాకా వచ్చినట్టు, తిండీ నడకా మార్చి మూడు నాలుగు నెలల్లో మళ్ళీ చూపించండి. 126 ఉన్నా, దాటినా ఇంకో రోజు మళ్ళీ చేయించి డాక్టర్‌ని కలవండి. నడుస్తున్నప్పుడో మెట్లెక్కుతున్నప్పుడో గుండెలో బరువు, ఆయాసం ఉన్నాయంటే మాత్రం గ్యాస్ అనుకోకుండా అదే రోజు నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయి ఈసీజీ తీయించండి. వాళ్ళ నాన్న 56 ఏళ్ళకే గుండెపోటుతో పోయిన సంగతి అక్కడి డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పండి.